మొదటి బంతికి చరిత్ర ఒప్పుకోదు

చిత్తూరులో బెల్లం మండీ నడుపుతున్న మునిప్రసాద్ గారు తమకు అరవై ఏళ్ళు నిండుతున్న సందర్భంగా, ధర్మపత్ని వరదమ్మ గారిని మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని, ఆ పెళ్ళి రాయల కాలంలో జరగాలని నిర్ణయించారు. చరిత్రలో చాలా పెద్ద నిర్ణయాల లాగే ఇది కూడా ఒక రాగి సంగటి ముద్ద చల్లారడం వల్ల వెలువడింది.

మునిప్రసాద్ గారు మా మామగారు. ఆ మధ్యాహ్నం ఆయన పళ్ళెం ముందు కూర్చుని ముద్దను వేలితో నొక్కి చూశారు.

"ముద్ద సల్లగా ఉండాదే."

"నేను పిలిచినప్పుడు కాలతా ఉండింది. నాలుగు తూర్లు పిలిస్తి," అన్నారు అత్తగారు.

"పిలిస్తే సాలునా? మళ్ళా వేడి చేసుండొచ్చు గదా."

"సంగటిని వేడి చేసేది యాడన్నా సూసినారా?"

మామగారు చూడలేదు. ఆయన చూస్తున్నది ఫోనులో వీడియో. నాయుడుపేటలో మామిడి గుజ్జు వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి తన పాతికేళ్ళ పెళ్ళిరోజుకు అద్దాల మేడ సెట్టు వేయించి, అందులో భార్యతో కలిసి ఊయల ఊగాడు. ఆ ఊగడం పూర్తయ్యేదాకా మామగారు లేవలేకపోయారు. తప్పు తన మీదికి వచ్చేటట్టుందని గ్రహించి, మండీలో వేలం ముగించే గొంతుతో షష్టిపూర్తి సంగతి అక్కడే ప్రకటించారు. చల్లారిన ముద్ద గురించి ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు దాన్ని తీసుకుని వేడిది వేశారు. చల్లారినది, అలవాటు ప్రకారం, తన పళ్ళెంలోకి వెళ్ళింది.

మా ఆయన గోపి వెంటనే 'రాయల దర్బార్' అని వాట్సాప్ గ్రూపు పెట్టాడు. ఏర్పాట్లలో కొడుకుగా తన వంతు అక్కడికి పూర్తయింది.

తిరుపతి నుంచి మోహన అనే ఈవెంట్ మేనేజర్ వచ్చాడు. విదేశాల్లో భార్యాభర్తలు ముసలితనంలో పాత కోటల్లో కత్తులూ కిరీటాలూ ధరించి, బంధువుల ముందు పెళ్ళి ప్రమాణాలు మళ్ళీ చదువుకుంటారని, అది ఇప్పుడు చాలా నడుస్తోందని ఆయన వివరించాడు. దాన్ని మనవాళ్ళు ఎప్పటినుంచో షష్టిపూర్తి అంటున్నారని నేను చెప్పాను. ఆయన ఆ మాటను కొత్త సమాచారంగా స్వీకరించాడు.

కోట విషయం మొదట తేలింది. చంద్రగిరిలో నిజమైన కోట ఉంది. కానీ అందులో ఏసీ లేదు, జనరేటరు పెట్టనివ్వరు, పైగా అది పాతగా కనిపిస్తుంది. అందుచేత ఆ కోటకు కూతవేటు దూరంలోనే, తిరుపతి బైపాసు పక్కన ఉన్న కళ్యాణ మండపంలో, అదే కోటను థర్మాకోలుతో కట్టడానికి తీర్మానించారు. అసలు కోట గోడల రంగు ఫోటోల్లో సరిగా పడదు కనుక మన కోటకు గులాబీ రంగు వేస్తారు.

అతిథులకు బిరుదులు ఇవ్వాలని మోహన సూచించాడు. వాకిట్లో ఒక వందిమాగధుడు నిలబడి, కారులో వచ్చినవారిని 'మహామండలేశ్వర' అని, బైకు మీద వచ్చినవారిని 'సామంత' అని మైకులో పిలుస్తాడు. బస్సులో వచ్చేవాళ్ళ సంగతేమిటని అడిగాను. వాళ్ళను పిలవకుండా లోపలికి పంపిస్తారట. ఇంత కచ్చితమైన రాజనీతి నేను డిగ్రీలో చదివిన చరిత్ర పుస్తకాల్లో కూడా లేదు.

ఏనుగుకు అనుమతి రాలేదు. గుర్రం దొరికింది. అది పెళ్ళి ఊరేగింపుల్లో పెరిగిన గుర్రం కావడం వల్ల డప్పు మోగితేనే నడుస్తుంది, డప్పు ఆగితే ఆగుతుంది. కాబట్టి చక్రవర్తి సభలోకి ప్రవేశించి దిగేవరకు డప్పు ఆపరాదని, అవసరమైతే పురోహితుడే మంత్రాలు పెద్దగా చదువుకోవాలని నిర్ణయమైంది. ఉత్తరీయాలను నగరిలో నేయిస్తున్నారు. వాటి అంచున రాయల ముద్రలోని వరాహం బొమ్మ అడిగారు. నమూనాలో వచ్చినది ఎలుకకు దగ్గరగా ఉంది. వినాయకుడి వాహనమే కదా, మంచిదేనని మామగారు ఆమోదించారు.

పాకాల నుంచి మామగారి అక్క వసంతమ్మ గారు వచ్చి, తాను రాజమాతగా ఉంటానన్నారు. చక్రవర్తికి అక్క రాజమాత ఎలా అవుతుందని ఎవరూ అడగలేదు. ఆవిడను ఇంతవరకు ఎవరూ ఏదీ అడగలేదు, ఆ సంప్రదాయం కొనసాగింది.

అసలు సంక్షోభం వంటల పట్టిక దగ్గర వచ్చింది. అన్నీ రాయల కాలానివే ఉండాలని మోహన పట్టుబట్టాడు. అలాగయితే మిరపకాయ ఉండకూడదని, అది ఓడల్లో ఆ తరువాత మన ఊళ్ళకు వచ్చిందని, టమాటా, ఉర్లగడ్డ, కాఫీ కూడా అంతేనని నేను మనవి చేశాను. ఇంట్లో చావు కబురు విన్నట్టు వసంతమ్మ గారు గోడకు చేరగిలబడ్డారు. మామగారు చాలాసేపు ఆలోచించారు.

"మిరపకాయ లేకుండా ఆయప్ప అన్ని యుద్ధాలు ఎట్ల గెలిచినాడు? ఉండే ఉంటాది. రాసినోళ్ళు మరిచిపొయ్యుంటారు."

ఇది అందరికీ సబబుగా తోచింది. మిరపకాయ విషయంలో చరిత్రను సవరించడమైనది. ఆ వెంటనే టమాటా చారు, ఉర్లగడ్డ బోండా, ఫిల్టరు కాఫీ వరసగా రాయల కాలంలోకి ప్రవేశించాయి. ఏసీకి, డీజేకి, డ్రోను కెమెరాకు అంతకుముందే ప్రవేశం దొరికింది. చరిత్ర ఇంత మంచి మనసు గలదని నాకు అప్పటిదాకా తెలియదు. పరీక్షల్లో నాతో అలా ప్రవర్తించలేదు.

ఈ సందర్భంలో అత్తగారు వంటింటి గడప దగ్గర నుంచి తన కోరిక ఒకటి తెలియజేశారు. అప్పటిదాకా పెళ్ళికూతురును ఎవరూ ఏమీ అడగలేదన్న మాట ఆవిడ మాట్లాడిన తరువాత గుర్తుకొచ్చింది.

ఆవిడ మొదటి పెళ్ళిలో మొదటి బంతి మగపెళ్ళివారిది. రెండో బంతి కూడా వాళ్ళదే, మొదటి బంతిలో తిన్నది సరిగా అరగలేదని మళ్ళీ కూర్చున్నారు. పెళ్ళికూతురును అత్తింటి ఆడవాళ్ళతో కలిపి చివరి బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి ఓళిగలు, అదే బొబ్బట్లు, అయిపోయాయి. బెల్లం మండీ వాళ్ళింట పెళ్ళిలో పెళ్ళికూతురు మజ్జిగన్నం, ఊరగాయ తిని లేచింది. ఈ సంగతిని మా ఇంట్లో ప్రతి శుభకార్యానికీ హాస్యంగా చెప్పుకుంటారు. చెప్పేది మామగారు, నవ్వేది అందరూ, ఆ సమయంలో అత్తగారు వడ్డిస్తూ ఉంటారు.

ఇప్పుడు ఆవిడ అడిగింది ఇంతే. ఈ పెళ్ళిలో తాను మొదటి బంతిలో కూర్చుంటుంది. నెయ్యి వేసిన వేడి ఓళిగ ఆకులో పడాలి.

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుర్రం కంటే ఇది చిక్కు విషయంగా కనిపించింది.

"రాణి ముందు తినేస్తే రాజు ఏమి తింటాడు వరదా? మా యమ్మ ఎప్పుడన్నా మా నాయన కంటే ముందర కూసునిందా?" అన్నారు వసంతమ్మ గారు.

మోహన ల్యాప్‌టాప్ తెరిచి పరిశోధించాడు. రాణివాసం భోజనం ప్రభువులు ముగించాకే జరిగేదని, ఆ కాలం వాతావరణం చెడిపోకుండా ఉండాలంటే అదే పాటించాలని చెప్పాడు. థర్మాకోలు కోటలో డ్రోను కింద కూర్చుని కాఫీ తాగే విషయంలో చెడని వాతావరణం, ఒక ఆడమనిషి ఆకు ముందు కూర్చుంటే చెడుతుందని తేలింది. చరిత్రను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు కదా అని మామగారు బాధగా అన్నారు. అత్తగారు సరేనని లోపలికి వెళ్ళి, అందరికీ కాఫీ పెట్టారు.

మోహనను ఒక విషయంలో మెచ్చుకోవాలి. కిరీటాలు మద్రాసు నుంచి, సింహాసనం ఏదో నాటక సమాజం నుంచి, భటుల ఈటెలు ఇంకెక్కడినుంచో బాడుగకు తెచ్చాడు. ఆచారాలు మాత్రం ఎక్కడా వెతకలేదు. భర్త పేరు నోటితో పలకకపోవడం, ఆయన వెనక రెండడుగుల దూరంలో నడవడం, ఆయన తిన్నాక తినడం, ఇవన్నీ మా ఇంట్లోనే సిద్ధంగా, మంచి వాడకంలో దొరికాయి. ఇంత అసలైన సరుకు తనకు ఏ ఇంట్లోనూ దొరకలేదని ఆయన సంతోషించాడు.

తరువాత రిహార్సలు జరిగింది. మామగారు కిరీటం పెట్టుకుని చెక్క కత్తి దూసి, మైకులో తన ప్రమాణం చదివారు.

"దేవీ! ముప్పై ఐదు వసంతములు మా సామ్రాజ్యమును, మండీని మేము జయప్రదముగా నడిపితిమి. నీవు మా వెనుక నిలిచితివి. రాబోవు కాలమందును అట్లే వెనుక నిలువుమని ఆజ్ఞాపించుచున్నాము."

వసంతమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. తరువాత అత్తగారి ప్రమాణం. మోహన రాసిచ్చిన కాగితంలో 'ప్రభూ, తమరి పళ్ళెమున మిగిలినదే నాకు మహాప్రసాదము' అని ఉంది. అత్తగారు అద్దాలు పెట్టుకుని దాన్ని ఒకసారి మనసులో చదువుకున్నారు. గొంతు బాగాలేదని చెప్పి మైకు నాకిచ్చేశారు. సిగ్గు పడుతోందని మామగారు మోహనకు వివరించారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం తుది ఆమోదం కోసం మోహన మా ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. మామగారు, గోపి, ఆడపడుచు హోదాలో వసంతమ్మ గారు కూడా కూర్చున్నారు. మా భోజనాల బల్లకు ఆరు కుర్చీలు. మిగతా రెండూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, అతిథులు వస్తారేమోనని. అత్తగారు ముద్దలు, వేరుశనగ ఊరుబిండి పచ్చడి, కోడిపులుసు తెచ్చి బల్ల మీద పెట్టారు. తరువాత ఒక పళ్ళెం తెచ్చి, మామగారి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వేడి ముద్దల్లో ఒకటి తన పళ్ళెంలో వేసుకున్నారు.

ఎవరో రావలసిన కుర్చీలో ఆవిడ కూర్చుందని గోపి చెప్పబోయాడు. ఎవరన్నది తోచక ఆగిపోయాడు.

"మిరపకాయకు సోటిచ్చినారు," అన్నారు అత్తగారు, ముద్దలో గుంట చేసుకుంటూ. "కాఫీకి ఇచ్చినారు. ఏసీకి ఇచ్చినారు. ఆ గుర్రం కోసరం అయ్యోరి మంత్రాలను గూడా పక్కన పెట్టినారు. నాకు ఒక ఆకు ఎయ్యనీకి మాత్రం సరిత్ర ఒప్పుకోలేదు. సరే. మొదటి బంతిలో నాకు ఆకు పడితేనే నేను పీటల మింద కూసునేది. లేదంటే అన్నీ తెచ్చినట్ట రాణిని గూడా బాడుగకే తెచ్చుకోండి."

మోహన వృత్తిధర్మం ప్రకారం ఫోను తీసి ఎవరినో విచారించాడు.

"దొరుకుతారు సార్. కానీ షష్టిపూర్తికి చెల్లదంటాండారు."

మామగారు ఆ పూట మొదటిసారి పక్కకు తిరిగి చూశారు. ముప్పై ఐదేళ్ళుగా ఆయన భోజనం చేసేటప్పుడు అత్తగారు వెనకవైపు ఉండేవారు కనుక, తినేటప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినట్టు లేదు. కొంచెంసేపు చూశారు. తరువాత గొంతు సవరించుకుని ప్రకటించారు.

"అట్లే కానీండబ్బా. మొదటి బంతిలోనే ఆకు. ఓళిగ నేనే వడ్డిస్తా. రాసుకో మోహనా."

మోహన రాసుకున్నాడు. రాయల కాలంలో కూడా ఇలా జరిగి ఉండవచ్చని, రాసినవాళ్ళు మరిచిపోయి ఉంటారని ఆయనే అన్నాడు. వసంతమ్మ గారు నీళ్ళు తాగారు. గోపి గ్రూపులో దండం బొమ్మలు పెట్టాడు. మధ్యయుగం మా ఇంట్లో ఆ విధంగా, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ముగిసింది.

ఈ మాటల్లో మామగారి ముద్ద చల్లారిపోయింది. ఆయన వేలితో నొక్కి చూసి, "ఇంకొకటి వేడిగా..." అన్నారు. అత్తగారు అలవాటుగా సగం లేచి, గుర్తుకొచ్చి మళ్ళీ కూర్చున్నారు. బల్ల చుట్టూ కొత్త యుగంలో కూర్చున్న అయిదుగురూ ఒకేసారి వంటింటి వైపు తిరిగారు. అక్కడ గడప మీద తెడ్డుతో నేను నిలబడి ఉన్నాను.

"మ్మే గీతా," అన్నారు అత్తగారు చాలా ప్రేమగా. "వేడిగా ఉండేది సూసి నాకు గూడా ఒకటి తీసుకురా."

తీసుకెళ్ళాను. ఆరో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, అతిథులు వస్తారేమోనని.

శుభలేఖలు అచ్చుకు వెళ్ళాయి. మీకూ అందుతుంది, తప్పక రండి. ఇంతసేపూ మీరు ఇది తీరిగ్గా చదువుకుంటూ కూర్చున్నారు, సంతోషం. లోపలినుంచి మిమ్మల్ని ఎవరో భోజనానికి పిలుస్తున్నట్టున్నారు. ఇది ఎన్నో తూరో గమనించారా?