ఐక్యత వర్ధిల్లిన విధం

ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో చుట్టాలతో తగవు పడనివాడికి సమాజం మీద ప్రేమ లేదనే చెప్పాలి. తెనాలిలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే ఖాజావలికి ఆ ప్రేమ బోలెడంత ఉండేది.

పోయిన ఎన్నికల ముందు ఆయన 'ముస్లిం ఐక్యవేదిక' అని గ్రూపు పెట్టి బంధువులందరినీ చేర్చాడు. నామినేషన్లు మొదలవగానే ఐక్యత వర్ధిల్లి మూడు గ్రూపులైంది. బాపట్లవాళ్లు 'అసలైన ఐక్యవేదిక' పెట్టుకున్నారు. రేపల్లెలో ఉండే ఖాజావలి బావమరిది మీరావలి 'నికార్సైన ఐక్యవేదిక' తెరిచాడు. ఎంత అభివృద్ధి! ఒక్క అడ్మిన్ ఉన్నచోట ముగ్గురు తయారయ్యారు.

ఖాజావలి తన నాయకుడు టోపీ పెట్టుకున్న ఫొటో పెడితే, మీరావలి తన నాయకుడు ఇంకా పెద్ద టోపీ పెట్టుకున్న ఫొటో పెట్టాడు. "అది ఎడిటింగ్" అన్నాడు ఖాజావలి. తమ పార్టీకి ఓటెయ్యనివాడు సమాజద్రోహి అని ఇద్దరూ తీర్మానించారు. ఆ లెక్కన మూడు ఊళ్లలో ద్రోహి కానివాడు మిగల్లేదు. చివరికి ఖాజావలి మీరావలిని నోటికొచ్చినట్టు తిట్టి గ్రూపులోంచి తీసేశాడు.

ఎన్నికలు అయిపోయాయి. మీరావలి కూతురి నిఖా కుదిరింది. పిలుపు చెల్లెలు మస్తాన్‌బీకి వచ్చింది గానీ, ఆమె భర్త ఖాజావలికి రాలేదు.

"నేను రేపల్లె పోతున్నా. మీరు గ్రూపు చూసుకుంటా ఉండండి" అని మస్తాన్‌బీ బ్యాగు సర్దుకుంది.

ఖాజావలి గ్రూపు తెరిచి చూశాడు. ఓట్లు పడ్డాక అందులో పలికిన నాథుడు లేడు. ఒంటరిగా కూర్చోలేక తర్వాతి రైలుకు తనూ రేపల్లె పోయాడు.

షాదీఖానాలో మొదటి బల్ల దగ్గర రెండు పార్టీల నాయకులూ పక్కపక్కనే కూర్చుని, "ఇంకో ముక్క వేయించుకో తమ్ముడూ" అని ఒకరినొకరు బలవంతపెట్టుకుంటున్నారు. వడ్డిస్తున్న మీరావలి, గుమ్మంలో ఖాజావలి, అలాగే నిలబడిపోయారు.

"ఏంటి, మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదంటగా? చుట్టాల మధ్య రాజకీయాలెందుకండీ?" అన్నాడు ఒక నాయకుడు.

"తప్పు కదండీ" అన్నాడు రెండోవాడు.

"సార్, మా శ్మశానం గోడ పడిపోయి ఏడాదైంది" అన్నాడు మీరావలి.

ఇద్దరు నాయకులకూ ఒకేసారి ఫోన్లు వచ్చాయి. చేతులు కడుక్కుని ఒకే కారులో వెళ్లిపోయారు.

ఖాజావలి మీరావలి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్ముడుపోయావని రాశాను. మనసులో పెట్టుకోకు బావా."

మీరావలి అతని చేతికి బిర్యానీ పళ్లెం ఇచ్చాడు.

"నిజంగా అమ్ముడుపోయుంటే ఆ గోడన్నా లేచేది బావా. కూర్చో, చల్లారిపోద్ది."