రాయి చుట్టూ తిరిగిన దుప్పులు

ఒక పెద్ద అడవిలో, అంటే రాజుగారికి పెద్దది, మిగతావాళ్లకు ఇరుకైనది, ఎండాకాలం ముదిరేసరికి ఒక్క మడుగే మిగిలింది. ఎవరి మంద పెద్దదైతే మొదటి వంతు వాళ్లదేనని సింహం హుకుం జారీ చేసింది. మందల్ని లెక్కపెట్టే అధికారిగా గుడ్లగూబ గారిని నియమించింది. పగలు ఆయనకు కళ్లు కనపడవు. అయితేనేం, సీనియారిటీ ఉంది. ఆఫీసు వేళలు మాత్రం పగలే.

దుప్పుల పెద్ద శంబన్నకు నాలుక పిడచగట్టుకుపోతోంది. మందలో ఉన్నవి నలభై. అడవిపందులు అంతకు రెట్టింపు. అవి ముందు దిగితే మిగిలేది బురదే. పిల్లలు దాహంతో చస్తారని బెంగ ఒకటి, పందుల ముందు చులకనైపోతామన్న ఉక్రోషం ఒకటి. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

"చూడండర్రా," అన్నాడు మందతో. "ఆ పెద్ద రాయి చుట్టూ తిరిగి మళ్లీ మళ్లీ రండి. ఆయన గిట్టల చప్పుడు విని లెక్కేస్తాడు. మొహాలు ఆయనకెక్కడ కనిపించి చచ్చాయి!"

"ఒరే శంబన్నా, మనం ఇంతమందిమని ఆ రాజుకు తెలియడం మంచిదంటావా?" అంది ముసలి దుప్పి చెంగమ్మ.

"నీకేం తెలుసత్తా రాజకీయం? నోరు మూసుకుని తిరుగు."

పొద్దుగూకేదాకా తిరిగాయి. గుడ్లగూబ ఆవలించి, "నాలుగు వందలు! భేష్, మంచి అభివృద్ధి," అన్నాడు.

మర్నాడు దుప్పులే ముందు నీళ్లు తాగాయి. మీసాలుంటే శంబన్న మెలేసేవాడే.

ఆ సాయంత్రమే సింహం పిలిపించింది. "నాలుగు వందలుండి నాకు వారానికి ఒక్కదాన్ని పంపుతున్నారా? సిగ్గులేదూ? ఇలా పెరిగిపోతే అడవిలో గడ్డి మిగులుతుందా? ఇకనుంచి వారానికి పది."

శంబన్న సింహం కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, బుద్ధి గడ్డి తిని అబద్ధమాడాం. మేం నలభయ్యే. రాయి చుట్టూ తిరిగాం!"

సింహం గుడ్లగూబ వైపు తిరిగింది. "లెక్క తప్పా?"

"నా సర్వీసులో తప్పన్న మాటే లేదు ప్రభూ. మిగతావాటిని వీడే ఎక్కడో దాచాడు."

"అయ్యా, తమరికి పగలు కళ్లే కనపడవు కదా!"

"విన్నారా ప్రభూ? అధికారిని దూషిస్తున్నాడు."

వారానికి పది పంపాల్సిందేనని తీర్పయింది. మొదటి వారమే చెంగమ్మ, "పసివాళ్లను వదిలెయ్యండి, నేను పోతా," అంటూ ముందు నడిచింది. శంబన్న ఆమె మొహం చూడలేక వలవలా ఏడ్చాడు. ఏడ్చి ఏం లాభం? నాలుగో వారం పదోవాడిగా తనే వెళ్లాడు. కడుపునిండా నీళ్లు తాగే వెళ్లాడు పాపం, మొదటి వంతు వాళ్లదే మరి.

ఐదో వారం ఎవరూ రాలేదు. సింహం గర్జించింది.

"ఇంకా మూడువందల అరవై ఉన్నాయి ప్రభూ," అన్నాడు గుడ్లగూబ తాపీగా. "ఒళ్లు బద్ధకం, అంతే."

అడవిపందులు మడుగు గట్టున నాలుకలు వేలాడేసుకుని నిలబడి ఉన్నాయి. దుప్పులు తాగి వెళ్లేదాకా ఆగాలట.

నీతి: లెక్కకూ జనానికీ పొంతన కుదరకపోతే, దిద్దాల్సింది జనాన్నే.