తేనె వస్తుందా, అద్దాలు వస్తాయా?

“అటక సర్దుతానన్నారు. సాయంత్రానికి సర్దకపోతే మిమ్మల్నే అటకెక్కిస్తాను,” అంది భార్య, ఆఫీసుకు బయలుదేరుతూ.

“నువ్వొచ్చేసరికి తళతళలాడిపోతుంది చూడు,” అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన.

“నేను చూడకపోయినా చూసేవాళ్ళున్నార్లెండి.”

వీధి తలుపు పడి, పక్కగదిలో అత్తగారి గురక వినపడగానే ఆయన కంప్యూటరు ముందు వాలాడు. ఊళ్ళు కట్టి సామ్రాజ్యాలు పెంచే ఆట అది. త్వరలో కొత్త భాగం వస్తోంది. ప్రజల్ని సంతోషపెట్టే విలాస వస్తువులు అందులో కొత్తగా ఏమొస్తాయోనని ఆటగాళ్ళ గుంపులో ఒకటే చర్చ. ఇంట్లో గోడ కూడా వినని ఆయన మాటకు అక్కడ తిరుగులేదు. అందరూ ‘గురువుగారు’ అంటారు.

“పట్టు, ముత్యాలు పాతబడ్డాయి. ఈసారి కచ్చితంగా కర్పూరం,” అని రాశాడు.

పక్కగదిలో గురక ఠక్కున ఆగింది.

‘పిల్లికళ్ళు’ అనే కొత్త శాల్తీ నుంచి జవాబు వచ్చింది: “కర్పూరం కాదు, అద్దాలు. మీ వెనకున్నదాన్ని తుడిచి ఎన్నాళ్ళయింది?”

ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు. గోడమీది అద్దం నిండా దుమ్ము. దాని మధ్య నెత్తురుచుక్క లేని మొహం ఒకటి. తనదే.

గురక మళ్ళీ మొదలైంది. “పోనీ తేనె?” అని కొట్టాడు.

గురక ఆగింది.

“తేనె సంగతి తర్వాత. స్టవ్ మీద పాలు చూసుకోండి.”

పరిగెత్తాడు. పాలు గిన్నె అంచు మీద నిలబడి ఉన్నాయి. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. భార్యకు ఫోన్ చేశాడు.

“మనింట్లో ఎవరో ఉన్నారే!”

“ఉన్నారుగా, మీరు.”

“నన్నే చూస్తున్నారే!”

“పాపం వాళ్ళు. అటక ఎంతవరకొచ్చింది?”

తిరిగొచ్చేసరికి తెరమీద కొత్త అక్షరాలు: “అటక మీరెక్కుతారా, నన్ను రమ్మంటారా?”

“అత్తయ్యగారూ!” అంటూ పక్కగది తలుపు తోశాడు. చీకట్లో మంచం మీద నిటారుగా ఓ ఆకారం. నీలంగా మెరిసే మొహం. కళ్ళుండాల్సిన చోట రెండు గుండ్రటి వెలుగులు.

ఆయన కేక వీధి చివరిదాకా వినిపించింది.

“అరవకండి అల్లుడుగారూ,” అంది అత్తగారు, ఒళ్ళోని టాబ్లెట్ దించుతూ. “మీరు చేసిచ్చిన కళ్ళజోడే. తలుపు సందులోంచి ఆ అద్దం, అద్దంలో మీరు, మీ తెర, వంటింట్లో స్టవ్, అంతా అంత దుమ్ములోనూ ఎంత చక్కగా కనిపిస్తోందో!”

“మరి గురక?”

“అది వినపడితేగాని మీరు ఆట తెరవరుగా.”

“ఈ ఆట మీకెలా వచ్చు?”

“చూపు పరీక్షించడానికి మీ ఆటలో ఊళ్ళ పేర్లు చదివించారు కదా. కట్టడం కూడా వచ్చేసింది.”

గురువుగారు చీపురు పట్టుకున్నాడు. నిచ్చెన సగం ఎక్కి ఆగాడు.

“అత్తయ్యగారూ, నిజంగా అద్దాలే అంటారా?”

“ముందు ఆ బూజు దులపండి. అన్నట్టు, మీ రాజధాని చుట్టూ ఉన్న సైన్యం నాదే.”

ఆయన నిచ్చెన మీంచే మెడ సాచి చూశాడు. తెరమీద ఆయన రాజధానిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.