ఆరువందల పదకొండు సార్లు వచ్చిన మహమ్మద్ వాళ్ళమ్మ

మా జిల్లా ఆరోగ్యశాఖ వార్షిక నివేదిక నలభై రెండో పేజీలో ఒక విషాద వార్త ఉంది. మా ఊరి ప్రభుత్వ ఆసుపత్రి రెండో అంతస్తులో, వరండా చివరి గదిలో, 'మహమ్మద్ వాళ్ళమ్మ' అనే రోగి ఒక్క ఏడాదిలో ఆరువందల పదకొండు సార్లు వైద్యం చేయించుకున్నదనీ, అయినా ఆమెకు నయం కాలేదనీ, ఇది శాఖకు తీవ్ర ఆందోళన కలిగిస్తున్నదనీ అందులో రాశారు. శుక్రవారాలూ పండుగ సెలవులూ తీసేస్తే ఆమె రోజుకు రెండుసార్లు వచ్చినట్టు. కొన్ని రోజుల్లో ఒకే గంటలో మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ మూడు వయసులు చెప్పింది. శాఖ దీన్ని కూడా జబ్బు లక్షణంగానే గుర్తించింది.

ఆ గది ఇబ్తిహాల్ అనే ఫిజియోథెరపీ డాక్టరమ్మది. మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింది నుంచి పట్టుకుని ఉండే కండరాలు కొన్ని ఆడవాళ్ళకు ఉంటాయనీ, కాన్పులతోనూ బరువులతోనూ అవి సడలుతాయనీ, సడలితే తుమ్మినా నవ్వినా చుక్క జారుతుందనీ, వ్యాయామంతో వాటికి మళ్ళీ బిగువు తెప్పించవచ్చనీ ఆమె కైరోలో ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్నది. మా ఊరు చదవకుండానే తెలుసుకున్నది ఇంకొకటి. అలాంటి కండరాలు మా ఊరి ఆడవాళ్ళకు లేవు. ఉన్నా, వాటి గురించి మాట్లాడరు.

గదికి బోర్డు రాయించడానికి అయిదుగురు సభ్యులతో ఒక సంఘం వేశారు. అయిదుగురూ మగవాళ్ళే కనుక విషయాన్ని ఎలాంటి పక్షపాతమూ లేకుండా పరిశీలించగలిగారు. ఇబ్తిహాల్ రాసిచ్చిన 'స్త్రీల కటి కండరాల వ్యాయామ చికిత్సా విభాగం'లోంచి మొదటి సమావేశంలో 'కటి' తీసేశారు. రెండో సమావేశంలో, ఏ కండరాలని జనం అడుగుతారన్న భయంతో 'కండరాలు' తీసేశారు. మూడో సమావేశంలో ఒక పెద్దాయన, వ్యాయామం అంటే ఒళ్ళు కదులుతుందని గుర్తుచేశాడు. ఆఖరికి 'స్త్రీల' అన్న మాట కూడా వరండాలో నిలబడి చదవడానికి కొంచెం ఎబ్బెట్టుగా ఉందని తేల్చి, 'చికిత్సా విభాగం' అని పచ్చరంగుతో రాయించారు. ఆసుపత్రిలో చికిత్సా విభాగం కూడా పెట్టారని తెలిసి జనం సంతోషించారు. మొదటి నెలంతా మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు వచ్చి కూర్చుని వెళ్ళారు.

అయినా ఆడవాళ్ళు వచ్చారు. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని వచ్చారు. బజారుకు వెళ్ళే రోజు నీళ్ళు ముట్టనివాళ్ళు, మైక్రోబస్సులో తలుపు పక్క సీటు దొరికితేనే ఎక్కేవాళ్ళు, చుక్క జారితే శుద్ధి పోతుంది కనుక ఒక్క నమాజుకు మూడుసార్లు కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని నాలుగోసారి కుళాయి దగ్గరే కూర్చుని ఏడ్చేవాళ్ళు. అందరూ దీన్ని వయసు అనుకున్నారు. వాళ్ళలో ఇరవై ఆరేళ్ళ వాళ్ళు కూడా ఉన్నారు.

అందరికన్నా ముందు వచ్చినది ఇన్షిరాహ్. ఆరుగురిని కని, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు నెత్తిన జున్ను తట్ట మోసిన మనిషి. హజ్ చేసి వచ్చింది కనుక ఊరంతా ఆమెను హజ్జా అంటుంది.

"ఊపిరి బిగబట్టకు హజ్జా," అనేది ఇబ్తిహాల్. "మెల్లగా వదులుతూ, నలుగురిలో గ్యాసు ఆపుకున్నట్టు కింద కండరాన్ని లోపలికి, పైకి లాగు. అయిదు దాకా లెక్కపెట్టు. ఇప్పుడు వదిలెయ్. పూర్తిగా వదలాలి."

"వదలడం నాకు నువ్వు నేర్పక్కర్లేదు తల్లీ. ఇరవై ఏళ్ళ నుంచీ చేస్తున్నది అదేగా."

గదిలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వి, అలవాటు ప్రకారం మోకాళ్ళు దగ్గరికి చేర్చుకున్నారు.

వాళ్ళలో విసాల్ ఒకతె. ఇరవై తొమ్మిదేళ్ళు, ముగ్గురు పిల్లలు, లిఫ్టు లేని మేడలో అయిదో అంతస్తు. మూడో కాన్పు తర్వాత గర్భసంచి కిందికి దిగుతున్నట్టు ఎప్పుడూ ఒక బరువు. పెద్ద డాక్టరుకు చూపిస్తే, ఇంకొక బిడ్డను కంటే అదే సర్దుకుంటుందని శాస్త్రీయంగా చెప్పి పంపాడు. ఇబ్తిహాల్ పరీక్ష చేసి చూసింది. "ఇంకా మొదట్లోనే ఉంది. ఆర్నెల్లు మానకుండా వస్తే ఆపరేషను అవసరం రాకపోవచ్చు. మధ్యలో మానేస్తే మాత్రం నేను మాటివ్వలేను," అన్నది. విసాల్ కోరుకున్నది పెద్దదేమీ కాదు. చంటిదాన్ని ఎత్తుకుని అయిదంతస్తులు ఎక్కి, పైకి చేరాక బట్టలు మార్చుకోకుండా ఉండాలి. నాలుగో నెలకు మూడో అంతస్తు దాకా వచ్చింది. ఆ రోజు ఆమె చెప్పుకున్న తీరు చూస్తే హిమాలయం ఎక్కివచ్చిందనుకోవాలి.

రోగుల పేర్లు రాసే గుమాస్తా షౌకత్ గారు పరువైన మనిషి. పరాయి ఆడదాని పేరు అడగడం ఆయన ఇంటావంటా లేదు. తల వంచుకుని, "పెద్దబ్బాయి పేరేంటమ్మా?" అనేవాడు. అహ్మద్ అంటే 'అహ్మద్ వాళ్ళమ్మ' అని, మహమ్మద్ అంటే 'మహమ్మద్ వాళ్ళమ్మ' అని కంప్యూటరులో కొట్టేవాడు. కొడుకులు లేరని ఎవరైనా సిగ్గుపడితే, "రేపు పుట్టడా ఏంటి," అని ఆయనే ఒక మహమ్మదును ప్రసాదించేవాడు. మా ఊళ్ళో పెద్దకొడుక్కి ఏ పేరు పెడతారో మీకు తెలియనిది కాదు. కంప్యూటరుకు సిగ్గూ లేదు, బుద్ధీ లేదు కనుక, ఒకే పేరున్న వాళ్ళనందరినీ ఒకే మనిషిగా కలిపేసింది. ఏడాది తిరిగేసరికి ఇబ్తిహాల్ గదికి మొత్తం తొమ్మిదిమంది రోగులు తేలారు.

ముప్ఫైమంది కన్నా తక్కువ వచ్చే విభాగాన్ని మూసెయ్యాలని నియమం. ఆసుపత్రి డైరెక్టరు డాక్టర్ వగ్దీ ఆ గదిని అప్పటికే ఫుట్‌బాల్ గాయాల విభాగానికి కేటాయించి ఉంచాడు. ఇబ్తిహాల్ వెళ్ళి అడిగితే కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"తల్లి అంటే ఈ దేశానికి వెన్నెముక డాక్టరమ్మా. ఆ వెన్నెముకకు నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. అయితే తొమ్మిదిమంది కోసం ఒక గది, ఒక పంకా, ఒక కుర్చీ... ప్రభుత్వానికి నేనేం జవాబు చెప్పను?"

"తొమ్మిది కాదు సార్, నూట నలభై పైమాటే. ఆ మహమ్మదులంతా వేరే వేరే మహమ్మదులు."

"అలాగైతే గుర్తింపు కార్డులో ఉన్న పేర్లతో జాబితా ఇవ్వండి. వారం గడువిస్తున్నాను," అన్నాడు డైరెక్టరు. ఇవ్వడం ఆమె వల్ల కాదని ఆయనకు తెలుసు.

ఆ సాయంత్రం ఇబ్తిహాల్ తలుపు మూసి, కాగితం తీసి, ఆడవాళ్ళ ముందు పెట్టింది. ఎవరూ కలం ముట్టుకోలేదు.

"నా పేరు బయటపడితే మావాడు బళ్ళో తలెత్తుకోలేడక్కా," అన్నది విసాల్. "పోయినేడు ఎవడో వాడి స్నేహితుడి అమ్మ పేరు నల్లబల్ల మీద రాశాడు. ఆ స్నేహితుడు వారం రోజులు బడికి పోలేదు."

"ఏం రాశాడు?"

"చెప్పాగా, పేరు."

"పేరొక్కటేనా?"

"అంతకన్నా ఇంకేం రాయాలక్కా?"

ఇబ్తిహాల్‌కు ఒళ్ళు మండింది. ఈ మనిషి ఒంట్లో ఏ కండరం ఎంత బిగిసిందో తనకు తెలుసు, ఎన్ని మెట్లెక్కిందో తెలుసు, పేరు మాత్రం ఒక నేరంలాగా దాచుకుంటున్నది. అప్పుడు ఇన్షిరాహ్ కాగితం తన వైపు లాక్కున్నది.

"రాయి తల్లీ. ఇన్షిరాహ్. నా మొగుడు నలభై ఏళ్ళు నన్ను 'ఏయ్' అనే పిలిచాడు, అల్లా ఆయన్ని చల్లగా చూడనీ. రేపు పైన పేరు పెట్టి పిలిస్తే నేనేనని పలకడానికైనా అలవాటు ఉండాలా వద్దా?"

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. వారంలో నూట నలభై మూడు పేర్లు చేరాయి. విసాల్ తన పేరు తానే, చీమ తలకాయంత అక్షరాలతో రాసి, సిరా ఆరేదాకా మీద చెయ్యి కప్పి కూర్చున్నది.

జాబితా కవరులో పెట్టి, బోర్డు రాయించిన ఆ సంఘానికే అందజేశారు. అప్పుడు సంఘానికి పెద్ద ధర్మసందేహం వచ్చింది. నూట నలభై ముగ్గురు పరాయి ఆడవాళ్ళ పేర్లున్న కాగితాన్ని అయిదుగురు మర్యాదస్తులు ఎలా విప్పుతారు? అందులో తమ ఇంటి ఆడవాళ్ళ పేరు ఉంటే? మిగతా నలుగురూ చదివేస్తే? అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు నలిగి, కవరును విప్పకుండానే ఏకగ్రీవంగా పరిశీలించి, లక్కముద్ర వేసి బీరువాలో భద్రపరిచారు. కవరులోని విషయం తెలియరాలేదు కనుక పాత లెక్కే నిలుస్తుందని తీర్మానించారు.

ఇంతలో మాతృదినోత్సవం వచ్చింది. మూతపడే విభాగాన్ని గౌరవంగా సాగనంపాలని డైరెక్టరుకు తోచింది. ఆరువందల పదకొండు సార్లు ఓపికగా వైద్యం చేయించుకుని, ఒక్కసారి కూడా ఫిర్యాదు చెయ్యని మహమ్మద్ వాళ్ళమ్మకు 'ఆదర్శమాత' బిరుదూ, ఒక గ్యాసు పొయ్యీ ప్రకటించారు. రాజధాని నుంచి ఒక ఉన్నతాధికారి వచ్చాడు. డైరెక్టరు మైకు ముందు తల్లి పాదాల కింద స్వర్గం ఉందని అరగంట సేపు నిరూపించి, "మహమ్మద్ వాళ్ళమ్మ గారు వేదిక మీదకు రావలసిందిగా కోరుతున్నాం," అన్నాడు.

నలభై ఎనిమిదిమంది లేచి నిలబడ్డారు.

"ఒక్కరేనమ్మా, ఒక్కరే," అన్నాడు డైరెక్టరు. ఎవరూ కూర్చోలేదు. ఆయన షౌకత్ గారి వైపు తిరిగి, "వీళ్ళలో ఎవరయ్యా?" అని గుసగుసలాడాడు.

"నేనెప్పుడూ తలెత్తి చూడలేదు సార్," అన్నాడు షౌకత్ గారు గర్వంగా.

ఇన్షిరాహ్ వేదిక ఎక్కి మైకు అందుకుని, "పేర్లు మీ బీరువాలో ఉన్నాయి బాబూ, తాళం మీ దగ్గరే ఉంది. వైద్యం ఎలా జరిగిందో మాత్రం ఇప్పుడే వినండి," అని, నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో వేసే జగ్రూత కేక ఒకటి పొట్టలోంచి వేసింది. నలభై ఎనిమిదిమందీ అందుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి. ఏళ్ళుగా కూతుళ్ళ పెళ్ళిళ్ళలో కూడా నోరు మూసుకుని నిలబడిన మనుషులు వాళ్ళు. కేక ఆగాక ఎవరూ మోకాళ్ళు చేర్చుకోలేదు. విసాల్ చంటిదాన్ని చంకనేసుకుని అందరికన్నా గట్టిగా అరిచింది. ఇబ్తిహాల్ వెనక వరుసలో నిలబడి సిగ్గుపడకుండా ఏడ్చింది.

ఉన్నతాధికారికి వైద్యం తెలియదు గానీ లెక్క తెలుసు. నలభై ఎనిమిది, ముప్ఫై కన్నా ఎక్కువ. విభాగాన్ని కొనసాగించమని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చాడు. ఆడవాళ్ళ మర్యాదకు భంగం రాకుండా, ఇకమీదట పేర్ల బదులు నంబర్లు వాడాలనీ ఆదేశించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. విసాల్‌కు నలభై ఏడో నంబరు వచ్చింది.

గోప్యత పూర్తిగా నిలవాలని నంబర్లను మైకులో పిలిచే ఏర్పాటు చేశారు. "నలభై ఏడు, చికిత్సా విభాగం" అని మైకు పిలిస్తే, ఎదురుగా పళ్ళ డాక్టరు కోసం కూర్చున్న ఇరుగుపొరుగు వాళ్ళు తలలు తిప్పి, ఎవరు లేస్తారో చూసేవారు. నెల తిరగకుండానే బడి నల్లబల్ల మీద ఎవరో పెద్దగా 47 అని రాశారు. మూడో తరగతి చదివే విసాల్ పెద్దకొడుకు మహమ్మద్ ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు.

విసాల్ మరుసటి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఇబ్తిహాల్ ఫోను చేస్తే భర్త ఎత్తి, "మహమ్మద్ వాళ్ళమ్మ బానే ఉంది డాక్టరమ్మా, ఇంట్లో పనితో తీరిక లేదంతే," అన్నాడు. ఇబ్తిహాల్ వెతుక్కుంటూ వెళ్ళి అయిదంతస్తులు ఎక్కి తలుపు తట్టింది. లోపల చంటిబిడ్డ ఏడుపు వినిపించింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఈ ఏడాది నివేదిక మొన్ననే వచ్చింది. చికిత్సా విభాగం సాధించిన విజయాల కింద మొదటి వాక్యం ఇది: 'నలభై ఏడో నంబరు రోగి సంపూర్ణంగా కోలుకున్నందున ఆసుపత్రికి రావడం మానివేసినది.'