శుక్రవారం తోమిన వంటిల్లు

ఆ శుక్రవారం పొద్దున వసుమతి వేసుకున్న పథకంలో ఏ ప్రమాదమూ లేదు. తలంటు పోసుకోవడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం, గరాజ్‌లో హాట్‌ప్లేట్ మీద రెండు వాయిల ఇడ్లీ దించడం, సినిమావాళ్ళు వచ్చేసరికి మేడ మీదికి వెళ్ళి నోరు మూసుకుని కూర్చోవడం. ఇంతకన్నా అమాయకమైన పథకం అమెరికాలోని ఆ పిస్కాటవే ఊళ్ళో ఆ పూట ఇంకెవరూ వేసుకుని ఉండరు.

వంట గరాజ్‌లో ఎందుకంటే, ఆ వారం వంటిల్లు ఆమెది కాదు. మందుల కంపెనీలో కెమిస్టుగా పనిచేసే ఆమె భర్త కృష్ణమోహన్ దాన్ని సినిమావాళ్ళకి అద్దెకిచ్చాడు. వీధిలో కారాపి లోపలికొచ్చిన ఒకావిడ "మీ కిచెన్ కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలా బాగుంది" అనేసరికి, ఆ వెలుతురు తానే తయారుచేసినంత పొంగిపోయి సరేనన్నాడు. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. షూటింగ్ అయ్యేదాకా వంటింట్లో చెంచా కూడా కదపకూడదు.

సినిమా కథలో ఒకావిడకి మొగుడు పోతాడు. ఆ దిగులుతో ఆవిడ గిన్నెలు తోమడం మానేస్తుంది. అందుకని ముగ్గురు మగవాళ్ళు సామాను తెచ్చి వంటింటిని రోజంతా పాడుచేశారు. ఎంగిలి పళ్ళాలు గుట్టలుగా పేర్చారు, పొయ్యి మీద సాసు చిలకరించారు, బ్రెడ్డు ముక్కలకి రంగుపిండి అద్ది బూజు పట్టించారు. వసుమతి మెట్ల మీంచి చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. అమెరికాలో ప్రతి పనికీ ఒక ఉద్యోగం ఉంటుందని ఆమెకి తెలుసు గానీ, ఈ పనికి కూడా ఉంటుందని ఎనభై నాలుగో సంవత్సరం దాకా తెలియలేదు.

అయినా భరించిందంటే అది డోరా ప్లమ్‌రిడ్జ్ కోసం. డోరాది ఇంగ్లండు. ఈ సినిమా రాసిందీ, అందులో ఆ మొగుడు పోయినావిడ వేషం వేస్తున్నదీ, మొట్టమొదటిసారి డైరెక్టరు కుర్చీలో కూర్చున్నదీ ఆవిడే. ముందురోజు సాయంత్రం గరాజ్‌లోకి వాసన పట్టుకుంటూ వచ్చి, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని రెండుసార్లు ఉప్మా పెట్టించుకుంది.

"ఇరవై ఏళ్ళు పనిమనిషి వేషాలే వేశాను వసూ" అంది ఇంగ్లీషులో, చెంచా నాకుతూ. "ట్రే పట్టుకుని రావడం, జారిపడడం, జనం నవ్వడం. తరవాత జోకులు రాశాను. అవి మగవాళ్ళు చెప్పారు, పేరు మగవాళ్ళకి వచ్చింది. టీవీలో నా పేరుతో ఒక సిరీస్ వచ్చేసరికి నాకు జుట్టు నెరిసింది. డైరెక్షన్ చేస్తానంటే లండన్‌లో అందరూ అది కూడా జోకే అనుకున్నారు."

"మరి ఇక్కడ ఇచ్చారు కదండీ!"

"ఇచ్చారు. వెనక్కి తీసుకోవడానికి కూడా రెడీగా ఉన్నారు. ఇప్పటికే లేటయిపోయింది. రేపు మిస్టర్ క్లైన్ వస్తున్నాడు, డబ్బు పెట్టేది ఆయనే. రేపటికి ఈ కిచెన్ సీన్ పూర్తి కాకపోతే నా కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడతాడు. నేను మళ్ళీ ట్రే పట్టుకోవాలి."

నవ్వుతూనే అంది గానీ చేతిలో కాఫీ తాగకుండానే చల్లారిపోయింది. అది చూసి వసుమతికి రాత్రంతా మనసు మనసులో లేదు.

అందుకే శుక్రవారం దీపం డోరా పేరు మీద పెట్టాలనుకుంది. దేవుడి అల్మరా వంటింట్లోనే ఉంది. తక్కిన రోజులు మేడ మీద కాలెండరు లక్ష్మీదేవితో సరిపెట్టింది గానీ, ఇంత పెద్ద కోరికకి కాలెండరు చాలదు. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, దేనికీ తగలకుండా వెళ్ళి అల్మరా తలుపు తీసింది. దీపం వెలిగించింది. దణ్ణం పెట్టి కళ్ళు తెరిచి వెనక్కి తిరిగితే, సరిగ్గా అమ్మవారికి ఎదురుగా, సగం కొరికిన కోడిగుడ్డుతో ఎంగిలి పళ్ళెం.

వసుమతి గబగబా లెంపలేసుకుంది. శుక్రవారం పూట లక్ష్మీదేవికి ఎంగిలి చూపించి డోరాకి మంచి జరగాలని కోరుకుంటే, జరిగేది మంచేనా? ఆ ఒక్క పళ్ళెం సింకులోకి జరిపింది. పళ్ళెం తీసిన చోట గట్టు మీద గుండ్రంగా శుభ్రమైన మచ్చ మిగిలింది. చుట్టూ మురికిలో ఆ మచ్చ తెల్లగా పళ్ళికిలించింది. మచ్చ కనబడకుండా పక్కన కాస్త తుడిచింది. తుడిచిన మేర పక్కదాన్ని ఎత్తి చూపించింది. అయినా నిన్న రోజంతా ఈ గిన్నెల మీదే కదా షూటింగు చేశారు, ఎన్నిసార్లని చేస్తారు, అనుకుంది. ఆ అనుకోవడంతోనే చేయి దానంతటదే కుళాయి తిప్పింది.

సరిగ్గా అప్పుడే వెనక వీధిలో ఉండే రాధారాణి కరివేపాకు ఇచ్చే మిషతో షూటింగు చూద్దామని వచ్చింది. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ పేరంటమైనా ఆవిడ చెయ్యి పడకుండా జరగదు.

"హవ్వ! ఏంటమ్మా ఈ కొంప! ఒంట్లో బాలేదా?"

"నాది కాదండీ, సినిమావాళ్ళది."

"ఎవరిదైతే ఏం, రేపు స్క్రీన్ మీద చూసినవాళ్ళు మీ ఇల్లనే అంటారు. ఆంధ్రావాళ్ళంటే ఇంతే కాబోలనుకుంటారు. జరుగు, జరుగు."

కొంగు నడుముకి బిగించి ఆవిడ దిగిన తరవాత ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. బూజు రొట్టెలు సంచుల్లోకి, సంచులు వీధిలోకి వెళ్ళాయి. చెత్తబండి వచ్చే రోజు కూడా అదే. పొయ్యి తళతళలాడింది. నేల తుడిచారు. అంత తుడిచాక బోసిగా ఉంటుందని రాధారాణి పొయ్యి ముందు బియ్యప్పిండితో చిన్న పద్మం ముగ్గు కూడా వేసింది. చెత్తబండి గర్రుమంటూ మలుపు తిరిగింది. "ఇప్పుడు బావుంది" అందావిడ, చెమట తుడుచుకుంటూ.

అందరికన్నా ముందొచ్చింది ప్యాట్. నిన్న ఏ వస్తువు ఎక్కడుందో ఇవాళ కూడా అక్కడే ఉండేలా చూడడం ఆమె పని. అందుకని మెడలో కెమెరా, చేతిలో ఫోటోల కట్ట ఎప్పుడూ ఉంటాయి. గుమ్మంలో నిలబడి వంటింటి వంక చూసింది, ఫోటోల వంక చూసింది, మళ్ళీ వంటింటి వంక చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. మెల్లిగా మెట్టు మీద కూలబడి, "సీన్ సగమే తీశాం" అంది. "మిగతా సగం ఇవాళ తీయాలి. ఇదే గిన్నెలతో. ఇదే మురికితో."

వసుమతి చేతిలోంచి స్క్రబ్బరు జారిపోయింది. ఇరవై ఏళ్ళు ట్రే మోసిన మనిషికి తన చేత్తో మళ్ళీ ట్రే పట్టించింది. అదీ దీపం పెట్టి మరీ.

"ఏమండీ!" అన్న కేకకి కృష్ణమోహన్ లుంగీతో, మొహానికి సగం నురగతో దిగాడు. విషయం విని, "చెంచా కూడా కదపద్దన్నాను కదా వసూ!" అన్నాడు.

"చెంచాలు కడిగి అక్కడే పెట్టానండీ" అంది ఆమె ఏడుపు గొంతుతో.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన అలాగే కారెక్కి చెత్తబండి వెనక పడ్డాడు. లుంగీతో, నురగతో తరుముకొస్తున్న మనిషిని చూసి బండివాడు భయపడి వేగం పెంచాడు. ఎట్టకేలకు ఏదో మలుపులో ఆపి, బతిమాలి, రెండు సంచులు పట్టుకొచ్చాడు. విప్పి చూస్తే అవి పక్కింటి పసివాడి డైపర్లు.

ఈలోగా లోపల పాడుచేసే ప్రయత్నం మొదలైంది. ముగ్గురు మగవాళ్ళు ఇంకా రాలేదు, ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ప్యాట్ ఫోటోలు చూపిస్తూ చెబుతోంది, ఆడవాళ్ళిద్దరూ చేస్తున్నారు. కానీ పుట్టి బుద్ధెరిగిన తరవాత వాళ్ళెప్పుడూ ఈ పని చేయలేదు. రాధారాణి పొయ్యి మీద సాసు చుక్కలు పెట్టింది. వరసకి వరస సమానంగా వచ్చి అవి ముగ్గు చుక్కల్లా తయారయ్యాయి. వసుమతి ఒక పళ్ళెంలో పప్పు వేసి, ఒలికించడానికి వంచి, ఒలకగానే గబుక్కున తుడిచేసింది.

"తుడవొద్దు!" అంది ప్యాట్.

"సారీ అండీ. నేను కాదు, చెయ్యి" అంది వసుమతి. ఇంకోసారి ఒలికించింది. చెయ్యి మళ్ళీ తుడిచింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు మిస్టర్ క్లైన్ కూడా అప్పుడే దిగాడు. ఆయనతోపాటే, మొగుడు పోయినావిడ వేషానికి నలిగిన గౌను వేసుకుని, డోరా. ఇద్దరూ వంటింటి గుమ్మంలో ఆగారు. కిటికీలోంచి వెలుతురు పడి గిన్నెలన్నీ పెళ్ళివారి గిన్నెల్లా మెరుస్తున్నాయి. అల్మరాలో దీపం వెలుగుతోంది.

"డోరా, ఈ కిచెన్‌లో మురికి ఉంటుందన్నారు" అన్నాడు క్లైన్ వాచీ చూసుకుంటూ.

ఇక దాచి లాభం లేదని వసుమతి ముందుకొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే వచ్చిన ఇంగ్లీషులో చెప్పేసింది. ఇవాళ శుక్రవారమనీ, దేవుడికి ఎంగిలి చూపించకూడదనీ, ఆ దీపం డోరా కోసమేననీ, ఒక్క పళ్ళెమే తీద్దామనుకున్నాననీ. "మీ పని నేనే చెడగొట్టాను. తిట్టండి నన్ను" అంది.

డోరా తిట్టలేదు. దీపం వంక చూసింది. జోకులు రాసిన రోజుల్లో కూడా కొత్తది తట్టినప్పుడు ఆ చూపు అలాగే ఉండేదేమో. తరవాత వంగి, గొంతు తగ్గించి, "ముందు ఏ పళ్ళెం తీశావు?" అని అడిగింది.

"ఆ గుడ్డు పళ్ళెం."

"తరవాత?"

"మచ్చ కనబడింది. పక్కన తుడిచాను. తరవాత... చెయ్యి ఆగలేదండీ."

డోరా నిటారుగా నిలబడింది. "మిస్టర్ క్లైన్, మురికి సీను నిన్ననే తీసేశాం. ఇవాళ సినిమాలో ఆవిడ కిందికి దిగేసరికి ఇల్లంతా శుభ్రంగా ఉంటుంది. పక్కింటావిడ చూడలేక తోమేసింది. ఇదుగో, ఈవిడే" అని వసుమతిని చూపించింది.

"స్క్రిప్ట్‌లో అన్నయ్య వచ్చి తిడతాడు కదా?"

"అన్నయ్య అక్కర్లేదు. తిట్టేవాళ్ళు ఆమెకి చాలామందే ఉన్నారు. తోమిపెట్టేవాళ్ళే లేరు."

క్లైన్ పెదవి విరిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక్కసారి చూస్తాను" అన్నాడు. ఆ ఒక్కసారీ దేనికో గదిలో అందరికీ తెలుసు. "నాకు యాక్టింగ్ రాదండీ!" అని వసుమతి అంటే, "వద్దు, చెయ్యొద్దు. తోము" అని డోరా ఆమె చేతికి స్క్రబ్బరు ఇచ్చి వెళ్ళిపోయింది.

కెమెరావాళ్ళు వచ్చి సర్దుకున్నారు. కెమెరా తిరిగింది. మొగుడు పోయినావిడ మెట్లు దిగింది. మెరిసే వంటింటిని చూసి గుమ్మంలోనే నిలిచిపోయింది. ఆమె పెదవులు అదురుతున్నాయి. అది నటనో, కుర్చీ పోతుందన్న భయమో వసుమతికి తెలియలేదు. తెలిసింది ఒక్కటే, ఈ మనిషి పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. చేతులు తుడుచుకుని, గరాజ్‌లోంచి తెచ్చిన ఇడ్లీ పళ్ళెం ఆమె ముందు పెట్టి, తెలుగులోనే అంది.

"ముందు తినండి. ఏడవడం ఎక్కడికీ పోదు."

డోరాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కూర్చుంది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది, ఏడుస్తూ నమిలింది, నములుతూ నవ్వింది. తిన్న చేత్తోనే పళ్ళెం పక్కకి పెట్టబోతే వసుమతి చటుక్కున లాక్కుని కడిగేసింది. క్లైన్ జేబురుమాలు కోసం వెతుక్కుని, దొరక్క రాధారాణి ఇచ్చిన వంటింటి గుడ్డతో కళ్ళొత్తుకున్నాడు.

మర్నాడు కూడా డోరాయే డైరెక్టరు కుర్చీలో కూర్చుంది.

సినిమా మరుసటి ఏడాది వచ్చింది. ఊళ్ళో తెలుగువాళ్ళందరూ కార్లు కట్టుకుని థియేటర్‌కి వెళ్ళారు. మురికి వంటిల్లు తెర నిండా కనబడ్డంతసేపూ వసుమతి కొంగు చాటునుంచి "అది వాళ్ళు పోసిందండీ, మాది కాదు" అని ముందు వరసకీ వెనక వరసకీ చెబుతూనే ఉంది. ఇడ్లీ దగ్గర మాత్రం అమెరికన్లు కూడా ముక్కులు చీదారు. ఆమె కూడా ఏడ్చేసింది. పక్కసీట్లోంచి రాధారాణి వంగి, "అంతా బావుంది గానీ వసుమతీ, పొయ్యి వెనక గోడ తోమలేదు, చూడు" అంది.

ఆ ఆదివారం డోరా ఫోన్ చేసింది. పేపర్లన్నీ ఆ సీన్ గురించే రాశాయట. ఇంకో సినిమా ఇచ్చారట, ఈసారి అడగకుండానే. వసుమతి సంతోషం పట్టలేక ఫోను చేత్తో మూసి భర్తకి చెప్పింది.

"మళ్ళీ మన ఇల్లే కావాలంటున్నారండీ! ఈసారి వంటిల్లు కాదట, పెరడు. ఒక ముసలాయన గడ్డి కొయ్యకుండా వదిలేస్తే నడుమెత్తు పెరుగుతుందట."

కృష్ణమోహన్ లేచి వెళ్ళి, గడ్డి కోసే లాన్‌మోవర్ ఉన్న గరాజ్‌కి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.