తాళం వేసిన బైబిలు

ఏవండోయ్, మిమ్మల్నే. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, సందు చివరిదాకా వెళ్లి, "ఇంతకీ వేశానా?" అని మళ్లీ వెనక్కొచ్చేది మీరే కదూ. బుకాయించకండి, మీ మొహమే చెబుతోంది. కంగారు పడకండి, ఈ కథ మీది కాదు. మీకంటే నాలుగాకులు ఎక్కువ చదివిన తాళాల మేస్త్రీది.

లోకంలో తాళం వేయని వస్తువంటూ ఉంటే అది దొంగ సొత్తేనని మేస్త్రీ నమ్మకం. బైబిలుకు జిప్పున్న సంచీ కుట్టించుకుని, ఆ జిప్పుకు కూడా బఠాణీ గింజంత తాళం పెట్టాడు. బైబిలు ఎవరెత్తుకెళతారండీ అని భార్య అడిగింది. ఎత్తుకెళ్లేవాడికే దాని అవసరం ఎక్కువన్నది నిజమేగానీ, వాడు కొనుక్కుని చదువుకోవచ్చుగా అన్నాడు.

ఆ రోజు ఉదయం సంఘమంతా వ్యానులో వేరే ఊరి ప్రార్థన కూటాలకు బయల్దేరాలి. వెళ్లి రావడానికి మూడు రోజులు. మేస్త్రీ బూట్లలో కాలు పెడుతుండగా, ఇంటి దగ్గరే ఉండిపోతున్న భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆమె తమ్ముడు టైలరు. అదే సంఘం, అదే వ్యాను. బావకూ బావమరిదికీ ఆరేళ్లుగా మాటల్లేవు. ప్రార్థన మందిరానికి మేస్త్రీ కానుకగా ఇచ్చిన పెద్ద తాళం ప్రారంభం రోజే బిగుసుకుపోతే, టైలరు ఎవరినో తలపిన్ను అడిగి తీసుకుని రెండు తిప్పుల్లో తెరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మేస్త్రీ చెవుల్లో ఇంకా ఆగలేదు.

"మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోసీ మోసీ నా ప్రాణం విసిగిపోయింది," అంది భార్య. "ఈసారి కూడా వాడితో మాట్లాడకుండా వచ్చారనుకోండి, నేను మీతో మాట్లాడను. ఆరేళ్లు. లెక్క పెట్టుకోండి."

వ్యానెక్కేముందు మందిరంలో పాస్టరమ్మగారు ఒక డబ్బా తిప్పింది. అందులో అందరి పేర్లూ రాసిన చీటీలున్నాయి. ఎవరి పేరు తగిలితే ఈ మూడు రోజులూ వాళ్లకోసం రహస్యంగా ప్రార్థించాలి. వాళ్లకు తెలియకుండా చిన్న చిన్న సాయాలు చేయాలి. చివరి రోజు అందరి ముందూ లేచి చెప్పే సాక్ష్యాల్లో బయటపెట్టాలి. అప్పటిదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. ఇదంతా జరుగుతుండగా మేస్త్రీ అక్కడ లేడు. తన కొట్టుకు వేసిన తాళం లాగి చూడటానికి నాలుగోసారి వెళ్లాడు. ఆ తొందరలో బైబిలు సంచీకి తాళం కూడా వేయకుండా కుర్చీ మీదే వదిలేశాడు. డబ్బాలో మిగిలిన చివరి చీటీని పాస్టరమ్మగారు విప్పకుండానే ఆ బైబిల్లో పెట్టింది. రోజూ చదివే మనిషి, చూసుకుంటాడులే అనుకుంది. మేస్త్రీ వగరుస్తూ వచ్చాడు. జిప్పు లాగి, తాళం క్లిక్కుమనిపించి, తాళంచెవి ఎవరికీ దొరకనిచోట దాచి వ్యానెక్కాడు.

ఆయన రోజూ చదువుతాడని సంఘంలో మంచి పేరే ఉంది. నిజానికి ఆయన చేసేదల్లా బైబిలు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చిన్నప్పుడు బట్టీపట్టిన కీర్తన ఒకటి గొణుక్కోవడం. దానికి తాళం తీయక్కర్లేదు.

కొండ మలుపులంటే మేస్త్రీకి కడుపులో దేవేస్తుంది. మధ్యలో టీకి ఆగి, మళ్లీ ఎక్కేసరికి ఆయన సీటు మీద కాగితంలో చుట్టిన మాత్ర ఒకటి కనిపించింది. ఎవరు పెట్టారో తెలియదు. వాసన చూశాడు. వెనక్కి తిరిగితే టైలరు గబుక్కున కిటికీలోకి మొహం తిప్పుకున్నాడు. ఇంకేం కావాలి? వీడి మందు వీడే మింగనీ అనుకుని, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే దాన్ని టైలరు సీటు మీదకు జార్చాడు. టైలరు కళ్లు తెరిచి, మాత్ర చూసి, బావ వంక ఒకసారి చూసి, మింగేశాడు. మేస్త్రీ గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఏమీ కాలేదు. టైలరు హాయిగా నిద్రపోయాడు. మేస్త్రీ మూడుసార్లు వ్యాను ఆపించి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున గది బయట తన బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఇంత మంచి బూట్లు తనవి కావు, ఎవరో మార్చేశారని అందరి కాళ్లవంకా చూస్తూ గంటసేపు తిరిగాడు. ఆ తర్వాత పెట్టె తెరిస్తే చొక్కాకు రెండు నెలలుగా లేని గుండీ ఉంది. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది, చిన్న గీత కూడా పడలేదు. ఆయన తాళాన్ని అంత శుభ్రంగా తీయగలిగినవాడు భూమ్మీద ఒక్కడే. ఇవాళ గుండీ పెట్టినవాడు రేపు ఏం తీస్తాడో?

పక్క మంచం మీది లెక్కల మాస్టారికి విషయం చెప్పాడు. ఆయన చిరునవ్వు నవ్వి, స్తోత్రం చెప్పుకో, ఎవరని మాత్రం అడక్కు అన్నాడు. మేస్త్రీ నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు.

"నాకు తెలిసినా చెప్పకూడదు బ్రదర్," అన్నాడు పాస్టరుగారు, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "చివరి రోజు అన్నీ బయటపడతాయి."

మేస్త్రీకి అంతా అర్థమైపోయింది. టైలరు ఒక్కడే కాదు, ఇది ముఠా. అందులో పాస్టరుగారూ ఉన్నారు.

అప్పట్నుంచి ఆయన టైలరును నీడలా అంటిపెట్టుకున్నాడు. టైలరు మెట్లెక్కుతుంటే సంచీ తానే లాక్కుని మోశాడు, లోపల ఏముందో తడిమి చూడాలి మరి. సూదులు, దారం, వాటి మధ్య ఒక తలపిన్ను దొరికాయి. పిన్ను తీసి జేబులో వేసుకున్నాడు. టైలరు స్నానానికి వెళితే తలుపు బయట కాపలా కాశాడు. భోజనాల దగ్గర తన నిండు గ్లాసు అతని ముందుకు జరిపి, అతని సగం గ్లాసు తాను తాగాడు. మాట మాత్రం ఆడలేదు.

మూడో రోజు సాక్ష్యాల సమయానికి మేస్త్రీ ప్లాస్టిక్ సంచీతో వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. అందులో గుండీ ఉన్న చొక్కా, ఒక బూటు, తలపిన్ను ఉన్నాయి. అందరి ముందూ దొంగను నిలబెట్టాలని ఆయన పట్టుదల. ఇంటికెళ్లాక భార్య ఆరేళ్లు మాట్లాడకపోయినా సరే, పరువు దక్కుతుంది. ఆయన లేవబోతుండగా టైలరు ముందే లేచి చీటీ పైకెత్తాడు.

"నాకు వచ్చింది మా బావ పేరు," అన్నాడు. "నిజం చెప్పాలంటే, మార్చమని అడుగుదామనుకున్నా. నా దగ్గరున్నది ఒకే ఒక్క మాత్ర. అది బావ సీట్లో పెట్టాను. కాసేపటికి చూస్తే నా సీట్లో ఉంది. నాకూ కడుపులో తిప్పుతోందని బావకు ఎట్లా తెలిసిందో. తాను వాంతులు చేసుకుంటూ నాకిచ్చాడు. బాత్రూమ్‌కి గడియ లేదని నేనెవరికీ చెప్పలేదు. బావ తలుపు దగ్గరే నిలబడ్డాడు. సంచీ మోశాడు. నిండు గ్లాసు నాకిచ్చి ఎంగిలిది తాగాడు. బావా, నా పేరు నీకొచ్చిందని మొదటి రోజే అర్థమైంది. ఆ రోజు తాళం విషయంలో అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చాను. మన్నించు."

హాలంతా ముక్కు చీదుకున్న చప్పుళ్లు. మేస్త్రీ సంచీ మెల్లగా కుర్చీ కిందికి వెళ్లింది.

"మీ చీటీ కూడా చూపించండి బ్రదర్," అన్నాడు పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ.

"ఏ చీటీ?"

"మీ బైబిల్లో పెట్టాముగా. మీరు రోజూ చదువుతున్నారుగా."

అందరి కళ్లూ బఠాణీ గింజంత తాళం మీద పడ్డాయి. మేస్త్రీ జేబులు వెతికాడు, సాక్సు వెతికాడు, టోపీ మడత వెతికాడు. తాళంచెవి ఎవరికీ దొరకనిచోటే ఉంది. చివరికి కుర్చీ కింద చెయ్యి పెట్టి పిన్ను తీసి టైలరు ముందుకు చాచాడు. ఆరేళ్ల తర్వాత బావమరిదితో మొదటి మాట మాట్లాడాడు.

"ఇదిగో. నువ్వే తియ్యి."

"నా పిన్నే! పారేసుకున్నాననుకున్నా. భద్రంగా దాచావా బావా?"

ఒక్క తిప్పుకే తెరుచుకుంది. ఈసారి చప్పట్లు ముందు కొట్టింది మేస్త్రీయే. చీటీ విప్పి చూశాడు. పాస్టరుగారి పేరుంది.

పాస్టరమ్మగారు ఆయనవైపే చూస్తోంది. ఆమె గుప్పిట్లో ఉన్న చీటీ మీద టైలరు పేరుంది. మూడు రోజులూ ఆమె టైలరుకేమీ చేయలేకపోయింది, ఎప్పుడు చూసినా మేస్త్రీ అడ్డం నిలబడి ఉన్నాడు మరి. ఆమె ఆ చీటీని మెల్లగా కొంగుకు ముడేసుకుంది. నీ బావమరిది పేరేనా అని జనం అడిగారు. మేస్త్రీ తల ఊపాడు. అటూ ఇటూ ఊపాడో పైకీ కిందికీ ఊపాడో చూసినవాళ్ల ఇష్టం. చీటీ మళ్లీ బైబిల్లోకి వెళ్లింది, తాళం క్లిక్కుమంది. బావా బావమరుదులు పక్కపక్క సీట్లలో కూర్చుని, ఊరు వచ్చేదాకా తాళాల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరుగారు వినయం గురించి గంటసేపు ప్రసంగించాడు. తన పేరు ఎవరికొచ్చిందో గానీ, చేసిన మేలు తనకు కూడా తెలియనీయనంత రహస్యంగా చేసిన ఆ మహానుభావుణ్ణి చూసి అందరూ నేర్చుకోవాలన్నాడు.

మొదటి వరుసలోంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది తాళాల మేస్త్రీ.