నోరు తెరిచిన ప్రతివారూ ఒప్పుకున్నారు

‘ఉప్పుమేఘాల దారి’ అనే జపాను బొమ్మల సీరియల్ ముగింపు విషయంలో మా ఊళ్ళో ఎలాంటి భేదాభిప్రాయాలూ లేవని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఇది ఎవరో గాలికి అన్న మాట కాదు. ఊళ్ళో పళ్ళున్న ప్రతి మనిషినీ విడివిడిగా కూర్చోబెట్టి, కాదు, పడుకోబెట్టి, అడిగి తేల్చిన సంగతి. పళ్ళు లేనివారిని కట్టుడుపళ్ళ కొలతలకి వచ్చినప్పుడు అడిగారు. కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు.

అడిగినవారు మా పళ్ళ డాక్టరుగారు. పుచ్చిన పన్నుకి ఆయన పుచ్చుకునే ఫీజు తక్కువ, చెప్పుకునే అభిప్రాయం ఎక్కువ. ఆ సీరియల్‌కి ఆయన వీరాభిమాని. ‘కార్టూను’ అన్న మాట ఆయన చెవిన పడితే తర్వాత జరిగే వైద్యానికి ఆయన పూచీ లేదు. జపాను భాషలోనే వినాలి, కింద అక్షరాలు చదువుకోవాలి అన్నది ఆయన నియమం. డబ్బింగులో చూశామని నోరుజారినవారికి మత్తుమందు సగమే దక్కేదని ఒక పుకారు. డాక్టరుగారు దాన్ని ఖండించారు. మిగతా సగం మాత్రం ఇవ్వలేదు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఇంకా చూడనివారు ఉన్నారంటే వారి పళ్ళు గట్టివని అర్థం. ఒక చిన్నపిల్ల. మెడలో గంట. ఆ గంటకి నాలుక లేదు గనక మోగదు. లోకం చివర ఒక తలుపు ఉందని, దాని వెనక ఆ నాలుక ఉందని ఎవరో చెబితే, మేఘాలు మేసే ముసలి మేకనొకదాన్ని వెంటబెట్టుకుని బయల్దేరుతుంది. దారి పొడవునా ఎగిరే ఓడలు, ఏడ్చే కొండలు, మర్యాదస్తులైన రాక్షసులు. బోలెడన్ని భాగాలయ్యాక ఎట్టకేలకు తలుపు దగ్గరికి చేరుతుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. కాసేపు నిలబడుతుంది. తలుపు తియ్యకుండా వెనక్కి తిరిగి నడుస్తుంది. అయిపోయింది.

ఎందుకు తియ్యలేదు? దీని మీద ప్రపంచమంతటా అభిమానులు జుట్లు పట్టుకుంటున్నారట. మాకా బెడద లేదు. తియ్యకపోవడమే కళ అని మా డాక్టరుగారు తేల్చేశారు. తెరవకపోవడంలోని గొప్పతనం గురించి రోజంతా చెప్పే ఆ పెద్దమనిషి, గదిలోకి వచ్చిన ప్రతివారితోనూ మొదట అనే మాట మాత్రం ‘బాగా తెరవండి’.

అభిప్రాయ సేకరణ పద్ధతి ఇది. కుర్చీ వెనక్కి వాలుతుంది. వాలినవారికి కనపడేది పైకప్పు ఒక్కటే గనక, అక్కడ గంటపిల్ల బొమ్మ అంటించి ఉంటుంది. రెండు బుగ్గల్లోకీ దూది ఉండలు వెళతాయి. నాలుక కింద ఉమ్ము లాగే గొట్టం, పైన అద్దం, లోపల డ్రిల్లు. ఇలా మనిషిని చర్చకి పూర్తిగా సిద్ధం చేశాక డాక్టరుగారు ప్రశ్న వేస్తారు.

“తలుపు తియ్యకపోవడమే గొప్ప. ఏమంటారు?”

“ఆఁ.”

“చూశావామ్మా, ఈయనా అదే అంటున్నారు!” అంటారు పక్కన గొట్టం పట్టుకున్న అమ్మాయితో.

ఇక్కడ ఒక్క మాట. డాక్టరుగారు నిరంకుశులు కారు. అసమ్మతికి కూడా ఏర్పాటు ఉంది. ఇబ్బందిగా ఉంటే వేలెత్తమని ముందే చెబుతారు. వేలెత్తితే ఇంకో ఇంజెక్షను ఇస్తారు. అప్పుడు ఇబ్బందీ ఉండదు, అభ్యంతరమూ ఉండదు, కాసేపటిదాకా పెదవీ ఉండదు. జ్ఞానదంతం పీకించుకోవడానికి వచ్చినవారైతే మరీ సులువుగా ఒప్పుకునేవారు. బయటికి వెళ్ళేటప్పటికి వారి దగ్గర జ్ఞానం ఉండేది కాదు, దంతమూ ఉండేది కాదు.

ఈ ఏర్పాటులో పంటి కింద రాయిలా తగిలినవాడు దర్జీ ఒక్కడే. నోట్లో గుండుసూదులు పెట్టుకుని రోజంతా బేరాలాడే మనిషి. దూదీ గొట్టమూ ఆయనకో లెక్కా? ప్రశ్న పూర్తికాకుండానే స్పష్టంగా అన్నాడు:

“కళా గిళా కాదు డాక్టరుగారూ. ఆ పిల్ల జడుసుకుంది.”

ఉమ్ము లాగే గొట్టం కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది.

“పాపం, బాగా నొప్పిగా ఉన్నట్టుంది,” అన్నారు డాక్టరుగారు జాలిగా. “రెండో వైపు కూడా ఇవ్వమ్మా.”

ఆ సాయంత్రం మత్తు దిగకముందే దర్జీ కత్తిరించిన ప్యాంటుకి మూడు కాళ్ళొచ్చాయి. ఊరు ఏకాభిప్రాయానికొచ్చింది.

‘ఇవ్వమ్మా’ అనిపించుకున్న అమ్మాయి డాక్టరుగారి కూతురు. తనూ పళ్ళ డాక్టరే. ఊరు ‘చిన్న డాక్టరు’ అంటుంది. తండ్రి పక్కన నిలబడి గొట్టం పట్టుకోవడం, సిరంజి అందించడం, నోట్లో నాలుక లేనట్టు ఉండడం ఆమె పని. ఆమె అభిప్రాయాన్ని మాత్రం డాక్టరుగారు ఎప్పుడూ అడగలేదు. మూతికి మాస్కు ఉంటుందిగా. నోరు తెరిచినవారే ఒప్పుకుంటున్నప్పుడు, మూసుకున్నవారి సంగతి అడగాలా?

నిజానికి ఆ సీరియల్‌ని మొదట చూసింది వాళ్ళిద్దరే. ఆమె చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఒకే సోఫాలో, ఒకే దుప్పటి కింద. అక్షరాలు చదవడం అప్పటికి ఆమెకి రాదు గనక ఆయన చదివి వినిపించేవారు. మేక గొంతు ఒకలా, రాక్షసుడి గొంతు ఒకలా. అంటే డబ్బింగే. ఈ సంగతి బయటికి పొక్కకూడదు. ఆఖరి భాగం అయిపోయిన రోజు పిల్ల ముక్కు ఎగబీలుస్తూ అడిగింది.

“నాన్నా, తలుపెందుకు తియ్యలేదు?”

“పెద్దయ్యాక నీకే తెలుస్తుంది. పడుకో.”

పెద్దయింది. పళ్ళ చదువు చదివింది. మళ్ళీ అడిగింది. “రూట్ కెనాల్ మధ్యలో ఏమిటే ఆ ప్రశ్న!” అన్నారు నాన్న. రూటు మార్చి భోజనాల దగ్గర అడిగింది. “ఊరంతా ఒప్పుకుంది, నీకేమిటి బాధ?” అన్నారు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. ఆయన దాన్నీ సమ్మతి కింద జమ వేసుకున్నారు.

ఇంతలో ఉప్పుమేఘాల అభిమాన సంఘం వార్షిక సభ వచ్చింది. అధ్యక్షులు వేరే చెప్పాలా, డాక్టరుగారే. కార్యదర్శి కొరియర్ ఆఫీసు మేనేజరు. ఏ పార్సెలైనా విప్పి చూడకుండా చేరవేయడం వృత్తి గనక, అధ్యక్షులవారి అభిప్రాయాలని కూడా అలాగే చేరవేసేవాడు. సభలో ఒక తీర్మానం పెట్టాలని నిర్ణయమైంది. తలుపు తియ్యకపోవడమే కళ అని సంఘం ప్రకటించాలి. కాదన్న సభ్యులని సంఘం లోంచి తొలగించాలి. కాదనేవారే లేనప్పుడు తొలగించడం దేనికని మీరు అడగవచ్చు. పుచ్చు లేకపోయినా పళ్ళు తోముకోమా?

సభకి ముందురోజు సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో కొత్త సభ్యులు చేరారు. పేరు ‘మేఘాలు మేసే మేక’. చేరీ చేరగానే ఒక ముక్క రాశారు: “అంత దూరం నడిచి తలుపు తియ్యకుండా వచ్చేయడం కళ కాదు. ఇన్ని భాగాలు ఆ పిల్లతో నడిచినవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టడం అది. ఇంట్లో పెద్దవాళ్ళు చేస్తారే, ‘నీకు చెప్పినా అర్థంకాదు’ అని, అచ్చం అలాగ.”

డాక్టరుగారు చదివారు. మళ్ళీ చదివారు. మేక తాటతీస్తానంటూ పళ్ళు నూరారు. పళ్ళు నూరవద్దని లోకానికంతటికీ హితవు చెప్పే మనిషి తెల్లారేదాకా నూరుతూనే ఉన్నారు. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే దవడపన్ను రెండుగా చీలింది. సంఘం నిట్టనిలువునా చీలకూడదని పంతం పట్టిన మనిషికి పన్ను చీలడం చూస్తే, పంతానికీ పంటికీ దగ్గర చుట్టరికమే ఉందనిపిస్తుంది.

సభ సాయంత్రానికి. పక్క ఊళ్ళో ఇంకో పళ్ళ డాక్టరున్నాడు గానీ, ఆయన డబ్బింగులో చూస్తాడు. గత్యంతరం లేక పెద్ద డాక్టరుగారు తన కుర్చీలోనే, జీవితంలో మొదటిసారిగా, వెల్లకిలా పడుకున్నారు. పైకప్పు మీద గంటపిల్ల వెనక్కి తిరిగి నడుస్తోంది.

చిన్న డాక్టరు మత్తిచ్చింది. దూది పెట్టింది. గొట్టం పెట్టింది. అద్దం పెట్టింది. డ్రిల్లు చేతిలోకి తీసుకుంది. అప్పుడు మాస్కు కిందికి లాగింది.

“నాన్నా, ఆ మేకని నేనే.”

“ఆఁ?!”

“ఒప్పుకున్నావు, సంతోషం. కదలకు. సాయంత్రం నీ తీర్మానం పాసైతే మొదట తీసేసేది నన్నే. నా మనసులో మాట చెప్పడానికి ఎన్నిసార్లు నీ ముందుకొచ్చానో తెలుసా? వస్తాను, నిలబడతాను, వెళ్ళిపోతాను. ఆ పిల్ల తలుపెందుకు తియ్యలేదో నాకిప్పుడు తెలిసింది.”

డాక్టరుగారి కనుబొమలు ‘ఎందుకు’ అన్నాయి.

“లోపల నువ్వుంటావని.”

“ఆ ఆఁ ఆ ఆ!”

“పెద్దగా తెరువు. ఏం నాన్నా, సోఫాలో కూర్చుని మేక గొంతు పెట్టి చదివినవాడివి, ఒక్కసారి నా గొంతు వింటే ఏం పోయింది? నిన్నటిదాకా నువ్వు చెప్పేది తప్పని కూడా అనలేదే నేను. ‘ఎందుకు’ అన్నాను, అంతే. నీకూ తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. తెలియదు కదూ?”

ఇక్కడ డాక్టరుగారు చెప్పదలుచుకున్నది చాలా ఉంది. తెలుసని చెప్పదలిచారు. కళ గురించి, మౌనం గురించి, జపాను వారి సంయమనం గురించి చెప్పదలిచారు. ఏదీ కుదరక, ఇన్నేళ్ళూ తానే అందరికీ నేర్పినట్టు, వేలెత్తారు.

“అయ్యో, నొప్పిగా ఉందా?” అంది కూతురు. ఇంకో ఇంజెక్షనిచ్చింది.

ఆయన మరింత గట్టిగా వేలెత్తారు. ఆమె మరింత ప్రేమగా ఇచ్చింది. పన్ను బాగుపడింది. చెయ్యి తిరిగిన పని. తండ్రి శిక్షణ ఊరికే పోతుందా?

సాయంత్రం హాలు నిండింది. కార్యదర్శి మైకు పట్టుకుని, “మన ఊరి నోళ్ళన్నిటికీ ప్రతినిధి, నిష్పక్షపాతంగా అందరి పళ్ళూ పీకిన మహనీయుడు, అధ్యక్షులవారిని ప్రసంగించవలసిందిగా ప్రార్థిస్తున్నాను” అన్నాడు. అధ్యక్షులవారు లేచారు. ఆయన మూతి అప్పటికి ఎడమచెవి వైపు ప్రయాణంలో ఉంది.

“థ... థలుఫు... థియ్యఖ...”

సభ చప్పట్లు కొట్టింది. జపాను భాష అనుకున్నారు.

చిన్న డాక్టరు వచ్చి తండ్రి చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది. “నాన్నగారి తరఫున నేను చదువుతాను,” అంది. “తీర్మానం. ఆ పిల్ల తలుపు తియ్యవలసింది. తియ్యకపోవడం తప్పు. కాదన్నవారు సభ్యత్వం వదులుకోవాలి.”

నిన్నటిదాకా నోరంతా తెరిచి ఒప్పుకున్న అభిప్రాయం కళ్ళెదుటే ఊడి పడింది. కార్యదర్శి అధ్యక్షులవారి ముఖం చూశాడు. ఆ ముఖంలో సగానికి ఏ భావమూ లేదు.

“ఇంకో చిన్న ప్రకటన,” అంది చిన్న డాక్టరు. “నాన్నగారి దవడ నయమయ్యేదాకా క్లినిక్కు నేనే చూస్తాను. అపాయింట్‌మెంట్లన్నీ నాకే. ఇక, ఒప్పుకునేవారు చేతులెత్తండి.”

హాల్లో ఒక్కసారిగా చేతుల అడవి మొలిచింది. సగం పూడ్చిన పన్ను ఉన్నవారు రెండు చేతులూ ఎత్తారు. దర్జీ అయితే కుర్చీ ఎక్కి మరీ ఎత్తాడు. ఈ దారుణాన్ని ఆపడానికి డాక్టరుగారు కూడా, మాట రాక, చెయ్యి ఎత్తారు.

“అధ్యక్షులవారు సైతం!” అని కార్యదర్శి గద్గదస్వరంతో ప్రకటించాడు. “ఏకగ్రీవం!”

కూతురు ఒక్కసారి తండ్రి వంక చూసింది. ఎత్తిన చెయ్యి దింపమని ఆయనకి సైగ చెయ్యబోయినట్టు కనిపించింది కూడా. ఇంతలో చప్పట్లు మోగాయి. జీవితంలో మొదటిసారి తన మాటకి మోగిన చప్పట్లు. ఆమె సభకేసి తిరిగింది.

ఇప్పుడు మా ఊళ్ళో అంతా సుఖంగా ఉంది. పైకప్పు మీద బొమ్మ మారింది. గంటపిల్ల చెయ్యి గడియ మీదే ఉంది, వెనక్కి తిరగడం లేదు. మొన్న దర్జీ గర్వంగా వచ్చి పడుకుని, దూది లోంచే అన్నాడు:

“నేను మొదట్నుంచీ మీ వైపేనమ్మా. పాపం ఆ పిల్ల జడుసుకుంది.”

“జడుసుకోలేదండీ. తప్పు చేసింది. రెంటికీ తేడా ఉంది. ఏమంటారు?”

దర్జీ వేలెత్తాడు. మూడు కాళ్ళ ప్యాంట్లు ఎవరికైనా కావాలంటే ఆయన కొట్లో దొరుకుతాయి.

పెద్ద డాక్టరుగారి దవడ ఏనాడో నయమైంది. ఇప్పుడు గొట్టం ఆయన పట్టుకుంటున్నారు. మూతికి మాస్కు ఉంటుంది గనక ఎవరూ ఏమీ అడగరు. సంఘం గ్రూపులో మాత్రం ‘మూసిన తలుపు’ అనే పేరుతో ఎవరో చేరి, తియ్యకపోవడమే కళ అని అప్పుడప్పుడు రాస్తున్నారు. అవి చదివిన రోజున ఇంట్లో భోజనాల దగ్గర చిన్న డాక్టరు పళ్ళు నూరుతున్న చప్పుడు వినిపిస్తుందట. తండ్రి వింటారట. వైద్యుడిగా ఆ చప్పుడుకి అర్థం ఆయనకి తెలుసు. కుర్చీ తుడిచి సిద్ధంగా పెట్టుకున్నారు.

ఇక మీ సంగతి. మొదటి వాక్యం నుంచి ఇక్కడిదాకా నేనే మాట్లాడాను. మీరు నోరు మెదపలేదు. ఒకటి రెండు చోట్ల పళ్ళు కనిపించేలా నవ్వి ఉంటారు కూడా. కాబట్టి నా అభిప్రాయాలన్నిటితోనూ మీరు పూర్తిగా ఏకీభవించినట్టు రాసుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నిర్భయంగా వేలెత్తవచ్చు.

సిరంజి సిద్ధంగా ఉంది.